జపానుదేశమున విందులు, వినోదములు



భోజనము చేయునపుడు మాటలాడరాదనియు, తినినదానిని గూర్చి పదుగురిలో చెప్పుకొనుట మర్యాద కాదనియు నాకు చదువు చెప్పిన గురువుగారు బోధించిరి. ముప్పదియైదేండ్లు ఉన్నతపాఠశాలలలో తెలుగు పండితుడనై పనిచేసి, ఆ మాటనే నా శిష్యులకును చెప్పితిని. అట్టివాడను నేడు మీ యెదుట తిండిని గూర్చియే ప్రసంగింప వచ్చితిని. దీనికి కారణము నా మనుమడు.

నా కుమారుడు జపానుదేశమున యొకొహామా నగరములో ఇంజనీరు. 2024 వ సంవత్సరము ఏప్రిలు నెలలో నేను అతని యింటికి పోయి ఆరు వారములుంటిని. మనుమనికి పదేండ్లు. వాడు అక్కడనే పుట్టి, అక్కడి బడిలోనే చదువుచున్నాడు. ఆ దేశపు ప్రాథమిక పాఠశాలలలో మధ్యాహ్నభోజనము పిల్లలకందరకు ఒక్కటే. పిల్లలే తెల్లని అంగీలు, టోపీలు ధరించి తోడిపిల్లలకు వడ్డింతురు. పిదప పిల్లలే శుభ్రము చేయుదురు. ఆ బడిభోజనమునకు అలవాటుపడినవాడు గావున మా మనుమనికి పప్పన్నము సయింపదు. నేనో, చేప, మాంసము, గ్రుడ్డు ముట్టను. ఉల్లి, వెల్లుల్లి కూడ తినను. ఒక్క యింట నుండియు తాతకును మనుమనికిని కంచములు వేరు, వంటలు వేరు. వచ్చిన పది దినములలో మేమిద్దరము ఒకే వంటకము తిన్నది లేదు. ఆ సంగతి నాకంటె ముందు వాడే గ్రహించినట్లున్నది. ఒకనాటి సాయంకాలము, "తాతగారూ, మీరు తినకపోయినా ఫరవాలేదు. చూడటానికి వస్తారా?" అని యడిగెను. ఆ మాటతో నా యాత్ర మొదలయ్యెను.

జపానుదేశమున తిండిని చూచుటకే యేర్పడిన వినోదస్థలములు అనేకములు కలవు. ఒక వంటకమునకు ప్రదర్శనశాల యుండును. ఒక వీధి వీధియే వంటసామగ్రికి ప్రసిద్ధమై యుండును. తీర్థయాత్రికులకు బస యిచ్చు మఠములు తమ భోజనమునకు పేరు పొంది యుండును. ఇవి యన్నియు చాపల్యమును రేపుటకు పన్నిన ఉపాయములని నేను మొదట తలచితిని. నా తలపు ఎట్లు మారినదో చెప్పుటయే నేటి ప్రసంగము.

మొట్టమొదట మేము పోయినది యొకొహామా రేవుచెంతనున్న కప్ నూడిల్సు ప్రదర్శనశాలకు. ఇది 2011 లో తెరువబడినది. ఇట్టిదే ఒసాకా నగరమునకు సమీపమున ఇకెదా పట్టణమున 1999 నుండి కలదు. రెండును మొమొఫుకు అందో అను నొక్క మనుష్యుని కథను చెప్పునట్టివి. ఆతడు 1910 లో, అప్పుడు జపాను పాలనలోనుండిన తైవాను ద్వీపమున పుట్టెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ఒసాకాలో ఒక చలిరాత్రి, వేడివేడి నూడిల్సు గిన్నెకొరకు జనులు ఒక అంగడియెదుట బారులు తీరి నిలుచుండుట చూచెను. ఆ దృశ్యము ఆతని మనస్సున నాటుకొనెను. 1957 లో ఆతడు అధ్యక్షుడుగా నుండిన పరపతిసంఘము దివాలా తీయగా, ఆస్తియంతయు పోయి, ఇల్లు మాత్రము మిగిలెను. నలువదియేడేండ్ల వయస్సున ఆతడు పెరటిలో ఒక చిన్న పాక వేసికొని, ఎన్నాళ్లయినను చెడక, వేడినీరు పోసినంతనే భోజనమగు నూడిల్సును చేయుటకు పూనుకొనెను. పగలు రేయి యనక పాటుపడి, దినమునకు నాలుగు గంటలు మాత్రమే నిద్రించెనట.

చిక్కంతయు తడి నార్చుటయందే యున్నది. ఎండబెట్టినచో ఆలస్యము, ఆరిన పిదప నీరు త్వరగా పీల్చదు. ఒకనాడు ఆతని భార్య తెంపురా వేయించుచుండెను. తెంపురా యనగా పిండిలో ముంచి నూనెలో వేయించిన కూరముక్క. మన బజ్జీకి చుట్టము. కాగిన నూనెలో పిండి పడగానే అందలి నీరు బుడగలై పైకి పోవుటయు, నీరు పోయినచోట సన్నని రంధ్రములు మిగులుటయు ఆతడు చూచెను. నూడిల్సును అట్లే నూనెలో వేయించినచో నీరు పోవును. తిరిగి వేడినీరు పోసినపుడు ఆ రంధ్రములగుండనే లోపలికి చొచ్చి వానిని మెత్తబరచును. ఇదియే రహస్యము. 1958 వ సంవత్సరము ఆగస్టు 25 వ తేదీన ఆ వస్తువు అంగడికి వచ్చెను. 1966 లో ఆతడు అమెరికా పోగా, అచ్చటి వర్తకులు గిన్నెలు లేక నూడిల్సును విరిచి కాగితపు కప్పులలో వేసి, నీరు పోసికొని, ఫోర్కులతో తినిరి. దానిని చూచి కప్పుతోగూడిన నూడిల్సును సంకల్పించి, 1971 సెప్టెంబరు 18 వ తేదీన విక్రయమునకు పెట్టెను.

ఆ పెరటిపాకను ప్రదర్శనశాలలో ఉన్నదున్నట్లు మరల కట్టి యుంచిరి. లోపల ఒక మూకుడు, కొన్ని సామాన్యమైన వంటపాత్రములు తప్ప వేరేమియు లేదు. యంత్రములను చూతునని పోయిన నాకు వంటిల్లు కనబడెను. నేను చాల సేపు ఆ గుమ్మమున నిలిచితిని.

మీద అంతస్తున పిల్లల పండుగ. ప్రవేశపు టిక్కెట్టు గాక వేరుగ కొంత సొమ్ము చెల్లించినచో ఒక తెల్లని ఖాళీ కప్పు నిత్తురు. దానిపై రంగుకలములతో తోచిన బొమ్మ గీసికొనవలెను. తరువాత నూడిల్సు ముద్దను ఉంచి, దానిపై కప్పును బోర్లించి, పిడి త్రిప్పి తలక్రిందు చేయుదురు. కప్పులో ముద్దను వేసినచో అది వంకరగా పడుచుండెననియు, ముద్దపై కప్పును బోర్లించుట అందో కనిపెట్టిన ఉపాయమనియు అచ్చట తెలిసికొంటిని. పిదప నాలుగు రసములలో ఒకటియు, పండ్రెండు పైపదార్థములలో నాలుగు భాగములును కోరుకొనవలెను. ఒకే పదార్థమును రెండుమారులైనను, నాలుగుమారులైనను కోరవచ్చును. "ఇన్నింటిలో 5,460 రకాలు చెయ్యొచ్చు, తాతగారూ!" అని మనుమడనెను. "ఎట్లో చెప్పుము" అంటిని. వాడు తెల్లబోయెను. ఒక కాగితము తీసి మేమిద్దరము లెక్క చేసితిమి. పదునైదును, పదునాలుగును, పదుమూడును, పండ్రెండును హెచ్చవేసి యిరువదినాలుగుతో భాగించినచో 1,365. నాలుగు రసములకు నాలుగింతలు చేసినచో 5,460. లెక్క సరిపోయెను. పండ్రెండవ శతాబ్దమున భాస్కరాచార్యుడు లీలావతీగణితములో షడ్రుచులను ఒక్కొక్కటిగా, రెండేసిగా, మూడేసిగా, ఇట్లు ఆరింటివరకు కలిపిన 63 విధములగునని యిట్టి లెక్కయే వేసియున్నాడని వానికి చెప్పితిని. ఆనాడు వాడు తాతను కొంచెము గౌరవముతో చూచెను.

వాడు చేసిన కప్పుమీద తెలుగులో "తాత" అని వ్రాసెను. రెండవ తకారమునకు తలకట్టు మరచెను. దానిని నా చేతిలో పెట్టి, "ఇది మీకు. కాని ఇందులో మాంసం ఉంది, తినకూడదు. దాచుకోండి" అనెను. నేను ఏమియు పలుకలేక పోయితిని.

మరుసటి వారము షిన్ యొకొహామాలోని రామెను ప్రదర్శనశాల. రామెను అనగా చీనానుండి వచ్చి జపానులో స్థిరపడిన నూడిల్సు. ఎముకలను, కోడిని, చేపను, సోయా సారమును మరిగించి తీసిన రసములో వేసి యిత్తురు. ఊరూరికి రసము వేరు. ఉత్తరమున సప్పొరోలో సోయాముద్దతో చేయుదురు. దక్షిణమున హకాతాలో పందియెముకలను తెల్లని పాలవలె నగువరకు మరిగింతురు. 1994 లో తెరచిన ఈ శాలలో మెట్లు దిగినచో భూమిక్రింద ఒక పాతవీధి కనబడును. ఎల్లప్పుడు సంధ్యాసమయమే. ఆకాశమునకు రంగు వేసిరి. పాత సినిమా ప్రకటనలు, ఇరుకు సందులు, మినుకు మినుకుమను దీపములు. ఆ వీధి 1958 వ సంవత్సరపు వీధి. అందో పాకనుండి నూడిల్సు వెలువడిన సంవత్సరము. ఆ వీధి పొడవున నానాప్రాంతముల రామెను అంగళ్లు. ఒక్కొక్కచోట కొంచెము కొంచెముగ రుచిచూడ గోరువారికి చిన్న గిన్నెలు కూడ నిత్తురు. మనుమడు తినెను. నేను మంచినీళ్ల గ్లాసుతో ఎదుట కూర్చుంటిని. నిజము చెప్పవలెనన్న, ఆ వాసన నాకు దుస్సహముగ నుండెను. అయినను లేచి పోలేదు. యుద్ధానంతరమున ఆకలిగొన్న జనమును నిలబెట్టిన తిండి యిదియని తెలిసిన పిమ్మట ముక్కు మూసికొనుట న్యాయము కాదు గదా.

తోక్యో నగరములో షింజుకు ప్రాంతమున నకమురయా అను భోజనశాల కలదు. దానిని చూడవలెనని నేనే కోరితిని. 1912 లో ఢిల్లీయందు వైస్రాయి హార్డింజిపై బాంబు వేసిన కుట్రకు నాయకుడైన రాస్ బిహారీ బోసు 1915 లో జపానునకు తప్పించుకొని పోయెను. ఆ దేశప్రభుత్వము ఆతనిని వెడలగొట్ట నాజ్ఞాపింపగా, నకమురయా రొట్టెల అంగడి యజమానులగు సోమా దంపతులు తమ యింటివెనుక ఆతనిని దాచిరి. 1918 లో వారి కుమార్తె తొషికోను ఆతనికిచ్చి పెండ్లి చేసిరి. ఆమె 1925 లో అకాలమృత్యువు వాతబడెను. 1927 లో నకమురయా భోజనశాల తెరచినపుడు ఆతడు తన దేశపు పద్ధతిని కోడికూర చేయుట నేర్పెను. అప్పటికి జపానువారెరిగిన కర్రీ ఇంగ్లండు మీదుగా వచ్చినది, గోధుమపిండితో చిక్కబరచినది. దీనికి అది సరికాదని ఆతడు పట్టుబట్టెను. నేటికిని ఆ కూరను అక్కడ వడ్డించుచున్నారు. నేను దానిని తినలేదు. స్వదేశమునకు మరలిరాక 1945 లో అక్కడనే కన్నుమూసిన ఆ వీరుని తలచుకొని, ఆ గుమ్మమునకు నమస్కరించి వచ్చితిని.

మే నెల మొదట ఆ దేశమున వరుసగ సెలవులుండును. అప్పుడు ఎక్కడ చూచినను జనసమ్మర్దమే. అవి గడచిన పిదప నా కుమారుడు సెలవు పెట్టి మమ్ము పడమటిదిక్కునకు తీసికొనిపోయెను. మనుమనికి బడి నాలుగు దినములు తప్పెను. మాస్టరునైన నాకు అది కష్టముగనే యుండెను. మొదటి మజిలీ గిఫు ప్రాంతమున, కొండలనడుమనున్న గుజో హచిమాను. స్వచ్ఛమైన నీటికాలువలు వీధులవెంట పారు చిన్న పట్టణము. భోజనశాలల గుమ్మములయందు అద్దాలబీరువాలలో నుంచు వంటకముల బొమ్మలకు ఇది పుట్టినిల్లు. 1895 లో ఇచ్చట పుట్టిన తకిజో ఇవాసకి 1932 లో ఒసాకాలో ఈ వృత్తి నారంభించెను. ఆతడు చేసిన మొదటి బొమ్మ, తన భార్య వేసిన అట్టును చూచి చేసిన మైనపు అట్టు. ఏది నిజమో, ఏది మైనమో ఆమెయే పోల్చుకొనలేదని చెప్పుదురు. ఇప్పుడు ప్లాస్టికుతో చేయుచున్నను, యాత్రికులకు నేర్పునది పాతపద్ధతియే. గోరువెచ్చని నీటిలో కరిగిన మైనమును పైనుండి ధారగా వదలినచో అది విచ్చుకొని తెంపురాపొర యగును. దానిని చుట్టి రొయ్యబొమ్మకు తొడుగుదురు. పచ్చనిమైనమును నీటిలో పరచి లాగినచో కోసుకూరవలె మడతలు పడును. నేను కోసుకూర చేసితిని. పని నేర్పినామె నా ముఖము చూచి చప్పట్లు కొట్టెను. తోక్యోలో ఉయెనో, అసకుసాల మధ్యనున్న కప్పబాషి వీధిలో ఇట్టి బొమ్మలు, వంటపాత్రలు విక్రయింతురు.

అక్షరము రాని యాత్రికునకు ఈ బొమ్మలు మహోపకారులు. వ్రేలితో చూపినచో చాలును. అయినను నావంటి శాకాహారికి ఇందొక మోసము కలదు. బొమ్మలో రూపము కనబడును, రసము కనబడదు. ఆ దేశపు వంటకు మూలము దాషి యను చారునీరు. సాధారణముగ దానిని కత్సువొబుషి యను, పొగబెట్టి కొయ్యవలె ఎండించిన చేపను చిత్రికపట్టినట్లు తురిమి చేయుదురు. కూరగాయలే కనబడు గిన్నెలోను, సోయాచారులోను ఇది యుండవచ్చును. "మాంసము లేదు గదా?" అని యడిగిన లేదనియే చెప్పుదురు, అది అబద్ధమును కాదు. "దాషి దేనితో చేసితిరి?" అని యడుగవలెను.

ఈ ప్రశ్నను నాకు నేర్పినది క్యోతోలోని నిషికి అంగడివీధి. పొడవు సుమారు 390 మీటర్లు. ఇరుప్రక్కల నూటికి మించిన అంగళ్లు. పైన రంగురంగుల కప్పు. దీనిని క్యోతో వంటిల్లందురు. ఒక అంగడిలో కొంబు అను ఎండు సముద్రపాచి పట్టీలను పేర్చియుంచిరి. దానిని నీట నానబెట్టినచో చేప లేకయే దాషి యగును. దాని రుచి నాలుకకు తెలియుచున్నను పేరు లేకుండెను. 1908 లో తోక్యో విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్రాచార్యుడు కికునయె ఇకెదా కొంబునుండి గ్లూటమికామ్లమును వేరుచేసి, ఆ రుచికి ఉమామి యని పేరు పెట్టెను. మన షడ్రుచుల పట్టికలో దీనికి చోటెక్కడనో నేనింకను ఆలోచించుచున్నాను. ఆ వీధిలో నడచుచు తినవద్దని వ్రాసి పెట్టిరి. కొన్న అంగడియొద్దనే నిలిచి తినవలెను. మా గురువుగారు విన్నచో సంతోషించియుందురు.

ఆ వీధిలోనే 1716 లో ఒక కూరగాయల వర్తకునింట ఇతో జకుచు అను చిత్రకారుడు జన్మించెను. ఆయన గీసిన సిరాచిత్రమొకటి బుద్ధపరినిర్వాణము. నడుమ బుద్ధునికి బదులు ఒక పెద్ద ముల్లంగి పరుండియుండును. చుట్టును శోకించు శిష్యులకు బదులు వంకాయలు, గుమ్మడికాయలు, దుంపలు. పరిహాసమో, భక్తియో చూచువారే తేల్చుకొనవలెను. కూరగాయలమధ్య పెరిగినవానికి అవి ప్రాణులవలెనే తోచియుండునని నాకు తోచినది.

కడపటి మజిలీ కోయా పర్వతము. ఒసాకానుండి రైలులో గొకురకుబాషి చేరవలెను. ఆ పేరునకు సుఖావతీసేతువని యర్థము. అక్కడనుండి త్రాటిబండి నిట్టనిలువుగ కొండమీదికి లాగును. 816 లో కూకై యను మహాపురుషుడు ఇక్కడ మఠమును స్థాపించెను. ఆయన 804 లో చీనాకు పోయి, అచ్చట ప్రజ్ఞుడను పండితభిక్షువు నొద్ద సంస్కృతమును, సిద్ధలిపిని నేర్చి, 806 లో మరలివచ్చెను. కొండపై సుమారు ఏబది మఠములు యాత్రికులకు బస యిచ్చును. అచ్చటి భోజనము షోజిన్ ర్యోరి. చేప లేదు, మాంసము లేదు. మీదుమిక్కిలి ఉల్లి, వెల్లుల్లి కూడ నిషిద్ధము.

సాయంకాలము సమాధివనమునకు పోయితిమి. వేలకొలది సమాధుల మధ్య దేవదారువులవంటి మహావృక్షములు. సన్నని కొయ్యపలకలపై సిద్ధలిపిలో బీజాక్షరములు, వానిక్రింద చీనాలిపి. పై అక్షరములను నేను కూడబలుకుకొని ఖ, హ, ర, వ, అ అని చదివితిని. క్రిందివానిని మనుమడు తనకు వచ్చినంతవరకు చదివెను. వాడు బడిలో నేర్చిన అ, క, స, త, న, హ, మ, య, ర, వ అను వరుస ఈ సంస్కృతాక్షర పరిచయమువలననే యేర్పడినదని చెప్పగా, "అయితే మన రెండు భాషలకూ ఒకే మాస్టారన్నమాట" అనెను. 835 లో కూకై ధ్యానములో ప్రవేశించెననియు, నేటికిని ధ్యానములోనే యున్నాడనియు వారి విశ్వాసము. అందుచే ప్రతిదినము రెండుమారులు భిక్షువులు పెట్టెలో భోజనము మోసికొనిపోయి ఆయనకు సమర్పింతురు.

రాత్రి ఎఱ్ఱని లక్కపీటలమీద భోజనము వచ్చెను. నువ్వులముద్దను ఒకవిధమగు తీగదుంప పిండితో ఉడికించి పేర్చిన గొమదోఫు. కొండచలిలో గడ్డకట్టించి ఎండబెట్టుట నేర్చినందున ఆ కొండ పేరే పొందిన కోయదోఫు. తెంపురా, పచ్చడి, అన్నము. పచ్చివి, ఉడికినవి, కాల్చినవి, వేయించినవి, ఆవిరికుడుములవంటివి, ఇట్లు పంచవిధముల పాకము. తాతకును మనుమనికిని ఒకే వంట. కాని ఒక గిన్నెలో పుట్టగొడుగుండెను. మన స్మృతులు వెల్లుల్లితోపాటు పుట్టగొడుగును గూడ నిషేధించినవి. ముప్పదియైదేండ్లు నీతిశాస్త్రము బోధించిన నేను ఆ గిన్నెను చేతబట్టి ఊరకుంటిని. మనుమడు తన కంచము తాకక నా ముఖమే చూచుచుండెను. నేను తింటిని. వాడును తినెను. నేను చేసినది ధర్మమా, అధర్మమా యని పండితు లడిగినచో వాదింపను; ఇంటికి వచ్చి ప్రాయశ్చిత్తము చేసికొంటిని. తినినందుకు మాత్రము విచారింపలేదు.

భోజనానంతరమున జపానువారు చేతులు జోడించి "గొచిసోసమా" యందురు. మనుమడట్లే యనెను. అర్థమడిగితిని. వాడు అరచేతిలో వ్రాసి, "రెండో అక్షరం నాకు వచ్చు, పరుగెత్తడం. మొదటిది ఇంకా చెప్పలేదు" అనెను. వడ్డించిన భిక్షువు నవ్వి, మొదటిదియు పరుగేయని తెలిపెను. అతిథికి పెట్టుటకై గుఱ్ఱమెక్కి యైనను, కాలినడకనైనను పరుగెత్తి సామగ్రి కూర్చుటయే ఆ మాటకు మూలార్థము. ఆయనయే ఒక కథ చెప్పెను. పదుమూడవ శతాబ్దమున దోగెను అను యువభిక్షువు చీనారేవులో ఓడయందుండగా, అరువదియొక్కయేండ్ల వృద్ధభిక్షువొకడు మఠవాసులకు నూడిల్సుచారు కాచుటకు పుట్టగొడుగులు కొన చాల దూరము నడచివచ్చెనట. "ఈ వయస్సున వంటపని యేల? ధ్యానము, గ్రంథపఠనము చేసికొనరాదా?" అని దోగెను అడుగగా, నీకింకను ధర్మము తెలియలేదని నవ్వి, రాత్రి నిలువక మరలిపోయెనట. తరువాత 1237 లో దోగెను మఠపు వంటవానికి ఉపదేశముగ నొక గ్రంథమునే వ్రాసెను.

ఆ రాత్రి నాకు నేను చూచినవన్నియు ఒక్కటై తోచెను. పెరటిపాకలో అందో, మైనము ముందు ఇవాసకి, పరదేశపు వంటింట బోసు, భోజనపు పెట్టె మోయు భిక్షువులు, అందరును మరియొకని ఆకలికై పరుగెత్తినవారే. ఆ వినోదస్థలములు తిండిని చూపుచున్నవని తలచితిని. అవి ఆ పరుగును చూపుచున్నవి. తినినదానిని గూర్చి గొప్పలు చెప్పుకొనరాదని మా గురువుగారనిన మాట నేటికిని సత్యమే. పెట్టినవారిని గూర్చి చెప్పవద్దని ఆయన యెన్నడును చెప్పలేదు.

ఆ దేశమునకు పోవువారికి రెండు మాటలు. ప్రదర్శనశాలలలో స్వయముగ చేయు పనులకును, మఠములలో బసకును ముందుగనే చోటు నిర్ణయించుకొనవలెను. మఠములలో రాత్రిభోజనము ప్రొద్దుండగనే పెట్టుదురు, ఆలస్యముగ పోరాదు. తోక్యోలోని ప్రసిద్ధమైన త్సుకిజి చేపల టోకుసంత 2018 అక్టోబరులో తొయొసునకు తరలిపోయినది. పాతచోట వెలుపలి అంగళ్లు మాత్రమున్నవి. శాకాహారులు దాషిని గూర్చిన ప్రశ్నను ఆ భాషలో ఒక చీటిపై వ్రాయించుకొని జేబున నుంచుకొనవలెను. నా చీటిని మనుమడే వ్రాసి యిచ్చెను.

"తాత" యని వ్రాసిన కప్పు నా పుస్తకముల బీరువాలో శబ్దరత్నాకరము ప్రక్కనున్నది. దానిపై ముద్రించిన గడువు ఎప్పుడో తీరినది. మొన్న ఫోనులో మనుమడు, "ఇంకా ఉందా, తాతగారూ?" అని యడిగెను. ఉన్నదని చెప్పితిని. తలకట్టు మాత్రము నేను దిద్దలేదు.